తిరగేసి చూడని సంచి

మా అత్తమ్మ గొంగడిని నేను కత్తెరతో కోశాను. అదేమీ చివికిపోయిన గొంగడి కాదు. నల్లగా, బిర్రుగా, రెండు అంచుల వెంట తెల్లచారలతో ఇంకా చాలా ఏళ్లు ఆగేది. కోసిన మనిషీ పని తెలియని మనిషి కాదు. సీతాఫల్‌మండి స్టేషన్‌కి నడిచిపోయే దూరంలో, ఇంటి ముందుగదిలో, పెళ్లయిన కొత్తల్లోంచీ సంచులు కుడుతున్నాను. కాన్వాస్ సంచులు, టిఫిన్ సంచులు, పెళ్లిళ్లలో తాంబూలం పెట్టిచ్చే పట్టు సంచులు. జనరల్ బజార్‌లో ఏ కొట్లో ఏ లైనింగ్ దొరుకుతుందో నన్నడిగి వెళ్లేవాళ్లున్నారు. బట్టని రెండు వేళ్ల మధ్య నలిపితే చాలు, దాని గుణం తెలిసిపోతుందని నలుగురిలో అంటుండేదాన్ని. ఇప్పుడు అనడం మానేశాను.

దీనంతటికీ మూలం ఒక చిన్న సంచి. డల్లాస్‌లో ఉండే మా ఆడపడుచు కూతురు ఒక ఏడాది పెరూ దేశం చూసొచ్చింది. తర్వాత ఇక్కడికి వచ్చినప్పుడు కుస్కో ఊళ్లో కొన్నానంటూ దాన్ని నా చేతిలో పెట్టింది. అరచేతి కంటే కాస్త పెద్దది. ఎరుపు, ముదురు నీలం, తెలుపు చారలు, చారల మధ్య చిన్న చిన్న పక్షులు, భుజానికి వేసుకునే సన్నని పట్టీ, కింద కుచ్చులు. దాన్ని చుస్పా అంటారట. కొండల మీద నడిచేవాళ్లు కోకా ఆకులు అందులో పెట్టుకుని, అలుపు రాకుండా నములుతూ పోతారట. మా మామ బొడ్లో దోపుకునే ఆకువక్కల సంచి గుర్తొచ్చింది నాకు. "అత్తా, నువ్విలాంటివి చెయ్యరాదూ, ఊరికే పోతాయి" అందామె. ఊరికే పోతాయంటే అమ్ముడుపోతాయని. నా చెవికి ఆ మాట చాలా ఇంపుగా తగిలింది.

వాళ్ల కొండల్లో ఉన్ని ఉంది, మనకూ ఉన్ని ఉంది. వాళ్ల కాపరులకు సంచి, మన కాపరులకు గొంగడి. గొంగడిని సంచి చేస్తే సరి. ఇంతకు మించి నేను ఆలోచించలేదు.

గొంగడి ఇంట్లోనే ఉంది. అత్తమ్మావాళ్లది జనగామ దగ్గరి ఊరు. కురుమలం. మామ గొర్లకాపరి. ఎండాకాలం రైతుల చేలల్లో రాత్రిళ్లు మందను ఆపి, ఆ పెంటకు బదులు గింజలు తెచ్చుకునేవాడు. ఆ రాత్రులకి పరుపు, దుప్పటి, వానకు గొడుగు అన్నీ గొంగడే. మా ఆయనకు లాలాగూడ వర్క్‌షాప్‌లో పని దొరికాక ఊరు వదిలారు. మామ పోయాడు, గొంగడి మిగిలింది. నేను కాపురానికొచ్చిన కొన్నాళ్లకి దాన్ని ఇస్త్రీ బల్ల మీద మడతలేసి పరిచాను. దళసరిగా ఉంటుంది, వేడికి త్వరగా కాలదు. అత్తమ్మ చూసింది, ఏమీ అనలేదు. ఎదుటివాళ్లు ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క వేసుకోవడం నాకు మొదట్నుంచీ ఉన్న జబ్బు.

అత్తమ్మ ఊరికి వెళ్లిన రోజుల్లో కోశాను. తెల్లచారలు సరిగ్గా సంచి మూత మీదికి వచ్చేలా పేపరు మీద గీసుకుని, సుద్దతో గుర్తులు పెట్టుకుని, పొదుపుగా, ఒక్క అంగుళం వృథా పోకుండా కోశాను. ఆ పొదుపు గురించి అప్పట్లో గర్వంగా కూడా ఉండేది.

కుట్టడం మొదలుపెట్టాక తెలిసింది. ఆ గొంగడి నూలు లావు, పురి వదులు. కోసిన చోట పోగులు ఒకదాని వెనక ఒకటి జారిపోతున్నాయి. ఓవర్‌లాక్ చేయిస్తే అంచు సాగి అలలు తేలింది. అరంగుళం లోపలికి మడిచి కుడితే, ఒక్కో మూల దగ్గర నాలుగు పొరలై, సూది దిగనంటుంది. దిగితే విరుగుతుంది. మిషన్ బాబిన్ కింద నల్లటి బొచ్చు పేరుకుంటుంది. జిప్పు వేస్తే దాని పళ్లలో వెంట్రుకలు ఇరుక్కుంటాయి. వాటిని పట్టకారుతో ఒక్కొక్కటీ లాగుతూ కూర్చున్నాను. ఊరినుంచి తిరిగొచ్చిన అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఆ దృశ్యం చూసి, "గొంగట్ల తినుకుంట ఎంటికలు ఏరినట్టున్నది నీ యవ్వారం" అంది. నవ్వుతూనే అంది. అప్పటికి ఆ ముక్కలు ఎక్కడివో ఆమెకింకా తెలియదు.

తెలిశాక తిట్టలేదు. మిగిలిన ముక్కల్ని నేల మీద పక్కపక్కన పేర్చి చూసి, "నడుమ తుకుడ ఏడ వెట్టినవ్?" అని అడిగింది. ఆ నడిమి ముక్క అప్పటికే రెండు సంచులై, లైనింగ్ వేసి ఉంది. చెప్పాను. ఆమె లేచి వంటింట్లోకి పోయింది. దాని గురించి ఇంట్లో తర్వాత మాట రాలేదు. మా ఆయన మాత్రం కొన్నాళ్లు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

అయినా ఆగలేదు నేను. కష్టపడి కుట్టాను కదా, అమ్ముకోవాలి కదా. నాంపల్లి నుమాయిష్‌లో తెలిసినవాళ్ల స్టాల్‌లో ఒక మూల పెట్టించాను. ఒక్కో సంచికి చిన్న కార్డు కట్టాను. దాని మీద ఏం రాయించానో చెప్పకపోతే ఈ రాతకి అర్థం లేదు: "పురాతన ఆండీస్ పద్ధతిలో, దక్కన్ ఉన్నితో". ఆండీస్ పర్వతాలు ప్రపంచ పటంలో ఎక్కడున్నాయో కూడా అప్పటికి నాకు సరిగా తెలియదు. పద్ధతి అన్న మాట వినసొంపుగా ఉందని రాయించాను.

సంచులు అమ్ముడయ్యాయి. ఫిర్యాదులూ వచ్చాయి. ఒకమ్మాయి తెల్ల కుర్తా నిండా నల్ల వెంట్రుకలు. ఒకాయన సంచి పక్కకుట్టు దగ్గర నేతే ఊడొచ్చింది, కుట్టు మాత్రం చెక్కుచెదరలేదు. ఒకావిడ వాషింగ్ మిషన్‌లో వేడినీళ్లతో తిప్పింది. సంచి సగమై గట్టిపడి, లోపలి లైనింగ్ బయటికి ఉబ్బి, ఎండిన కాకరకాయ వడియంలా తయారైంది. అది వెనక్కి తెచ్చి నా బల్ల మీద పెట్టినప్పుడు నాకొచ్చిన ఆలోచన ఇంకా సిగ్గుచేటు: ఆహా, దీని అంచులు పోగు జారడం లేదే!

అందుకని ఒక కొత్త గొంగడి కొన్నాను. వేలు పోసి కొన్న దాన్ని పెద్ద టబ్బులో వేడినీళ్లు, సబ్బుపొడి వేసి నానబెట్టి కాళ్లతో తొక్కాను. గొర్రె వాసనా పోతుంది, గుడ్డా బిగుస్తుంది, ఒక దెబ్బకు రెండు పిట్టలు. ఉన్ని వెంట్రుక మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి. వేడి, సబ్బు, రాపిడి కలిస్తే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, పట్టుకున్నాక వదలవు. కాశ్మీర్‌లో, రాజస్థాన్‌లో నమ్దాలు చేసేవాళ్లు ఆ గుణాన్నే నమ్ముకుని బతుకుతారు. కానీ వాళ్లది లెక్క తెలిసిన పని. నా గొంగడి ఒక మూల జానెడు ముడుచుకుంది, ఇంకో మూల అలాగే ఉంది. నూలుకు పట్టించిన చింతగింజల గంజి కరిగి టబ్బు నిండా చిక్కటి నీళ్లు. ఉన్నికి సహజంగా ఉండే జిడ్డు కూడా సబ్బుకు పోయింది. వాన నీటిని జార్చడంలో ఆ జిడ్డుకూ పాలుంది. ఆరేసిన గుడ్డ వానాకాలం ముసురుకు ముక్క వాసన పట్టింది. ఆ తర్వాత మిగతా ముక్కల్లో చిమ్మట పురుగు కూడా పడింది. ఆ సంగతి వదిలేద్దాం.

నుమాయిష్‌లో సంచి కొన్నవాళ్లలో వారాసిగూడ మేడమ్ ఒకరు. ఉస్మానియాలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. కార్డు మీది ఫోన్ నంబరు చూసి ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. కోప్పడటానికి కాదు. కుర్చీలో కూర్చుని, నీళ్లు తాగి, సంచిని ఒళ్లో పెట్టుకుని, "ఇందులో ఆండీస్ ఎక్కడుందమ్మా?" అని అడిగారు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. నా దగ్గర జవాబు లేదు. లోపలికెళ్లి డల్లాస్ అమ్మాయి ఇచ్చిన చుస్పా తెచ్చి చూపించాను. ఆమె కళ్లద్దాలు సవరించుకుని దాన్ని చాలాసేపు చూశారు. ఆ తర్వాత అప్పుడప్పుడూ ఆదివారాలు వాళ్లింటికి వెళ్లడం అలవాటైంది. బొమ్మల పుస్తకాలు, కంప్యూటర్‌లో ఫొటోలు. నా మిషన్ పని ఆలస్యమైనా సరే వెళ్లేదాన్ని.

మన పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది కదా, నార బట్టతో చుట్టింది. పెరూ సముద్రతీరంలో కూడా శవాలను అలా చుట్టేవారట, పడుకోబెట్టి కాదు, మోకాళ్లు మడిచి కూర్చోబెట్టి, బట్ట మీద బట్ట. హూలియో టెయో అనే పెరూ పురావస్తు శాస్త్రవేత్త 1927-28లో పారకాస్ అనే చోట ఒకే శ్మశానంలో అలాంటి మూటలు 429 బయటికి తీయించాడు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటివి. కొన్ని మూటల్లో పదుల కొద్దీ వస్త్రాలు. మనిషిని నిలువునా కప్పేంత పెద్ద పైబట్టలు, వాటి నిండా ఉన్ని దారంతో కుట్టిన బొమ్మలు, ఎగిరే మనుషులు, పిల్లులు, పాములు. ఎరుపు నిన్న అద్దినట్టుంది. ఇక్కడ ఒక వానాకాలానికే నా ముక్కలు వాసన కొట్టాయి, అక్కడ రెండు వేల ఏళ్లు ఎలా ఆగాయని అడిగాను. ఆ తీరం వెంట సముద్రంలో చల్లటి ప్రవాహం పోతుంది, అందువల్ల అక్కడ వాన పడటమే అరుదు. ఎడారి ఇసుక, ఉప్పు. తేమ లేని చోట పురుగుకు బతుకు కష్టం. ఉన్నికి చావు తెచ్చేది వయసు కాదు, తేమ, పురుగు.

ఉన్ని అంటే గొర్రె ఉన్ని కాదు. స్పెయిన్ వాళ్లు వచ్చేదాకా ఆ ఖండంలో గొర్రె లేదు. లామా, అల్పాకా అనే మూపురం లేని ఒంటె జాతి జీవాల బొచ్చు. వాటినీ మనలాగే మందలుగా మేపుతారు, వాటి పేడనూ బంగాళదుంప చేలకు వేస్తారు. ఇక అక్కడి ఎరుపు రంగుల్లో పేరున్నది నాగజెముడు మీద బతికే ఒక చిన్న పురుగు నుంచి వస్తుంది. ఆ రంగు మీద ఆశతోనే పద్దెనిమిదో శతాబ్దం చివర జేమ్స్ ఆండర్సన్ అనే కంపెనీ డాక్టరు మద్రాసు సైదాపేటలో నాగజెముడు తోట పెట్టాడట. ఇక్కడికొచ్చిన పురుగు అసలు రకం కాదు, రంగు అనుకున్నట్టు రాలేదు. మొక్క మాత్రం దక్షిణాదిలో ఎన్నో బీళ్లలోకి పాకింది. తెలియని పని నెత్తికెత్తుకున్నది నేనొక్కదాన్నే కాదని అప్పుడు కాస్త ఊరట కలిగింది.

స్పెయిన్ వాళ్ల కంటే ముందు పెరూను ఏలిన ఇంకా రాజుల దగ్గర బట్ట విలువ బంగారం కంటే తక్కువేం కాదు. 1532లో కహమార్కా ఊళ్లోకి దిగిన స్పెయిన్ వాళ్లు, ఇళ్లలో పైకప్పు దాకా బట్టల కట్టలు పేర్చి ఉన్నాయని రాసుకున్నారు. సైనికులకు బట్టే జీతం, ఓడిన రాజుకు బట్టే మర్యాద. మామూలు జనానికి ముతక బట్ట, రాజుకూ దేవుడికీ సన్నటిది. ఆ సన్నటిది నేయడానికి ఆడపిల్లల్ని ఏరి, వేరే ఇళ్లలో పెట్టి నేర్పించేవారు. ఆ పిల్లలకు ఇష్టమో కాదో ఎవరూ రాసిపెట్టలేదు.

ఇవన్నీ వింటూ ఉన్నాను కానీ, నా తప్పు నాకు తెలిసింది మాత్రం ఒక అతుకుల బట్టలాంటిది చూసినప్పుడు. ఇంకాల కంటే ముందటి వారీ రాజ్యం నాటిది. మెట్లమెట్లుగా ఉన్న చిన్న చిన్న ముక్కలు, ఒక్కో ముక్క ఒక్కో రంగు, అన్నీ కలిపి పెద్ద వస్త్రం. "చూశారా మేడమ్, వాళ్లూ కోసి అతుకులేశారు" అన్నాను గెలిచినట్టుగా. ఆమె బొమ్మను పెద్దది చేసి చూపించారు. ఒక్క చోటా కత్తెర పడలేదు. ప్రతి మెట్టు ముక్కనూ ఆ ఆకారంలోనే నేశారు, నాలుగు వైపులా అంచు వచ్చేలా. నేసేటప్పుడు ముక్కల మధ్య తాత్కాలికంగా ఊతపోగులు వేసి, తర్వాత వాటిని లాగేశారు. విడివడ్డ ముక్కల్ని ముళ్లు కట్టి రంగుల్లో ముంచి, విప్పి, మళ్లీ కలిపి కుట్టారు. మన పోచంపల్లిలో నూలును కట్టి రంగు వేస్తారు, వీళ్లు నేసిన గుడ్డనే కట్టారు. కత్తెరతో ఒక గంటలో అయ్యే పనికి అంత చాకిరీ!

ఎందుకు అని అడిగాను. ఆమె చుస్పాను నా చేతికిచ్చి, లోపలి వైపు బయటికి తియ్యమన్నారు. అంతకాలం నా ఇంట్లో ఉన్న సంచి అది. దాని కొలతలు తీశాను, రంగులు చూశాను, పట్టీ పొడవు రాసుకున్నాను. తిరగేసి మాత్రం చూడలేదు. కుట్టుపనిలో మొదటి రోజే నేర్పే పాఠం, బట్ట గుణం తిరగవైపు చూడమని.

లోపల మడిచిన అంచు లేదు, లైనింగ్ లేదు, ఓవర్‌లాక్ లేదు. ఒకే పొడుగు గుడ్డని అడుగున మడిచి రెండు పక్కలా కలిపారు, ఆ కలిపిన చోట కూడా సన్నని నేతపట్టీ ఒకటి నేసుకుంటూనే అతికించారు. మన మగ్గం మీద పడుగు కొసల్ని కోసే గుడ్డను దింపుతాం. వాళ్లు పడుగు పోగును రెండు కర్రల మధ్య వెళ్లి మళ్లొచ్చేలా వేస్తారు, కొస ఉండదు, మలుపే ఉంటుంది. ఆ మలుపుల్లోంచి ఒక దారం దూర్చి కర్రకు కడతారు. ఒక కర్ర గుంజకు, రెండోది నేసే మనిషి నడుముకు పట్టీతో. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. ఒక కొసనుంచి కొంత నేసి, తిప్పి రెండో కొసనుంచి నేసుకొస్తారు. రెండు నేతలూ దగ్గరపడ్డ చోట పేక కర్ర పట్టదు, సూదితో ఒక్కో పోగూ దూర్చాల్సిందే. అందుకే ఆ కాస్త జాగాలో నేత పలచబడి, డిజైన్ చెదురుతుంది. నా చుస్పాలో ఒకచోట పక్షి రెక్క విరిగినట్టుంటే, పర్యాటకులకు అంటగట్టిన నాసిరకం సరుకనుకున్నాను. అది నేసినామె పని ముగించిన చోటు.

సంచి ఎంత కావాలో అంతే నేశారన్నమాట. మగ్గం ఎక్కకముందే అది సంచి. నేను మాత్రం గొంగడిని తానులోంచి వచ్చిన గుడ్డ అనుకున్నాను. మీటరు లెక్కన కొని, కావలసినట్టు కోసి, మిగిలింది పారేసే గుడ్డ. నా చేతికి వచ్చిన బట్టంతా అలాంటిదే మరి, మిల్లు బట్ట. కోస్తే ఓవర్‌లాక్ చేసుకోవచ్చు. గొంగడిని ఒక మనిషి పొడవుకీ, భుజాల మీంచి దిగే బరువుకీ, నెత్తిన ముసుగేస్తే వాన జారే వాలుకీ సరిపడా నేశారు. దానికి అంచు ఉన్నది పక్కలకి, కొసల్లో ముడులు. నడుమ ఎక్కడ కోసినా దాన్ని పట్టి ఉంచేది లేదు.

తెలిసింది కదా అని ఊరుకుంటే బాగుండేది. ఇక సంచిగానే నేయించాలనుకుని, చుట్టాల చుట్టం చెప్పిన దారి పట్టుకుని నారాయణపేట వైపు పోయాను. అటు నేత అంటే మనకు చీరలే గుర్తొస్తాయి. గొంగడి నేసేవాళ్లూ ఉన్నారు, తగ్గిపోయారు. గుంటమగ్గం మీద కూర్చున్న పెద్దాయనకు నా చుస్పా ఇచ్చాను. ఆయన చేతిలో పడగానే చేసిన మొదటి పని, దాన్ని తిరగేయడం. అంచు వెంట గోరు పోనిచ్చి, "గిది కోసింది కాదు బిడ్డా. నాలుగు దిక్కుల అంచే ఉన్నది. ఏ మగ్గం మీద నేసిండ్రో!" అన్నాడు. ఒక్క నిమిషం పట్టలేదు ఆయనకు. తర్వాత నేను కుట్టిన సంచి చూపించాను. దాన్ని తిరగేయలేదు. మర్యాదకు చూసి పక్కన పెట్టి, ఆ ఎరుపు దేంతో అద్దారని అడగడంలో పడ్డాడు.

చిన్న సంచి నేయడం ఆయనకూ తేలిక కాదు. మగ్గానికి రెండు కొసలా కొంత పడుగు నేతకు అందకుండా పోతుంది. పెద్ద గొంగడి వేసినా చిన్న పేలిక వేసినా ఆ నష్టం అంతే. అందుకని సన్నటి పడుగు పొడుగ్గా వేసి, ఒక సంచికి సరిపడా నేసి, జానెడు పడుగు ఖాళీగా వదిలి, మళ్లీ ఇంకో సంచికి నేస్తానన్నాడు. ఆ ఖాళీ పడుగు దగ్గర కోసి కుచ్చులు ముడేస్తే నేత జారదు. నాలుగు అంచులు రావు, రెండే వస్తాయి. కార్డు మీద ఆండీస్ అని రాయడానికి వీల్లేదు. అది అక్కడే నిర్ణయమైపోయింది.

ధర మాట్లాడబోయేసరికి ఆ ఇంటి పెద్దమ్మ లేచింది. రాట్నం ఆమెదే. "నేసుడు ఎంతసేపు బిడ్డా, ఒడుకుడే పానం దీస్తది. ఒడికినదానికి ఎవలు లెక్క గట్టిండ్రు?" అంది. బొచ్చును కడిగి, ఎండబెట్టి, ఏకి, వడికేదంతా ఆడవాళ్లే. గొంగడి ధర చెప్పేటప్పుడు ఉన్నికి ఇంత, నేతకు ఇంత అంటారు, వడుకు ఇంటిపనిలో కలిసిపోతుంది. నేను సీతాఫల్‌మండిలో జాకెట్ కుట్టుకూలి పది రూపాయలు తగ్గిస్తే పోట్లాడే మనిషిని. అక్కడ నోరు పెగల్లేదు. ఆమె వడుకుకు విడిగా లెక్క రాసుకోవడానికి ఒప్పుకున్నాను. దాంతో సంచి ధర నేననుకున్న దానికంటే బాగా పైకిపోయింది.

అసలు చిక్కు ఇంకోటి. నల్ల ఉన్ని ఏది? గొంగడికి దక్కనీ గొర్రె కావాలి. ముతక ఉన్ని, నల్ల జీవం, ఏడాదికి రెండుసార్లు కత్తెర. మైళ్ల కొద్దీ నడుస్తుంది, గడ్డీగాదం ఏది దొరికితే అది తింటుంది. కానీ మాంసం తూకంలో నెల్లూరు జాతి ముందుంటుంది. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. ఉన్ని కొనేవాళ్లు తగ్గాక కత్తిరించినవాడికి కాపరే ఎదురు కూలి ఇచ్చి, వచ్చిన బొచ్చును కంపల్లో పారేసే రోజులొచ్చాయి. అప్పుడు ఉన్ని లేని గొర్రె వైపే కాపరి మొగ్గుతాడు, ఎవరు మాత్రం ఏం చేస్తారు. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు 75 శాతం సబ్సిడీ మీద ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చే పథకం పెట్టింది. పక్క రాష్ట్రాల నుంచి కొని తెచ్చిన ఆ జీవాల్లో ఎక్కువ మాంసం జాతులే. మా చుట్టాల్లోనూ తీసుకున్నవాళ్లున్నారు, నాలుగు డబ్బులు కళ్లజూసినవాళ్లున్నారు. తప్పుపట్టడానికి నేనెవరిని? కాకపోతే ఆ మందల నుంచి ఒక్క పోగు కూడా రాదు.

ఇప్పుడు ఆ పెద్దాయన ఇంటినుంచి అప్పుడప్పుడూ ఒక కట్ట పేలికలు వస్తాయి. నేను చేసేది తక్కువ. అడుగున మడిచి, రెండు పక్కలా అంచుకు అంచు ఆనించి చేత్తో కుట్టడం. మిషన్ పెట్టను. లైనింగ్ వేయను. కొన్నవాళ్లకు ఉతకొద్దనీ, దుమ్ము దులిపి ఎండలో వేయమనీ, వానాకాలం బీరువాలో ఊపిరాడకుండా కుక్కొద్దనీ చెబుతాను. కొందరు వింటారు. కార్డు మీద ఇప్పుడు ఊరి పేరు, దక్కనీ ఉన్ని, వడికినవాళ్లు, నేసినవాళ్లు అని మాత్రమే ఉంటుంది. మా అత్తమ్మ ఒక సంచి తీసుకుని ఆకు, వక్క, సున్నం డబ్బీ పెట్టుకుంది. నా మీద కోపం పోయిందా అంటే చెప్పలేను. ఇస్త్రీ బల్ల మీద పాత రగ్గు వేసుకున్నాను, ఆమె అది గమనించిందని మాత్రం తెలుసు.

తేలనిది జిప్పు ఒకటే. కొనే పిల్లలకు జిప్పు కావాలి. ఫోన్ పడిపోతుందని వాళ్ల భయం, నిజమే కూడా. ఉన్నికి జిప్పు కుడితే మళ్లీ పాత కథ, పళ్లలో వెంట్రుకలు, సాగిన అంచు. పెద్దాయన జిప్పు మాట వింటేనే నవ్వుతాడు. కొబ్బరిచిప్ప బొత్తాం పెట్టి చూశాను, అది తొడిగే ఉచ్చు సాగిపోతోంది. పెద్దమ్మ రెండు ఉన్ని పోగుల్ని తొడ మీద పురిపెట్టి ఒక తాడు చేసిచ్చింది. సంచి మూతి దగ్గర నేతలోనే దూరాలు వదిలితే అందులోంచి తాడు లాగి బిగించుకోవచ్చంటుంది. దూరాలు నేతలో వదలాలంటే ఆయన పడుగు లెక్క మార్చాలి. మారుస్తానన్నాడు గానీ, ఉన్ని వచ్చే కత్తెర తర్వాతే.